నీలిగుడ్డ కప్పిన మెట్లు

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఉదయం నుంచి విడవకుండా పడిన తుంపర అప్పుడే ఆగింది, గాలి బొత్తిగా లేదు, ఆకాశం నీళ్ళు పిండని దుప్పటిలా బరువుగా వేలాడుతోంది. సభ నాలుగింటికి. ఇంత ముందుగా వచ్చినందుకు ఆమె తనను తాను మందలించుకుంది, ఆ వెంటనే క్షమించుకుంది కూడా, ఎందుకంటే ఇంట్లో కూర్చున్నా ఈ గంటను ఇలాగే నమలవలసి వచ్చేది, ఇక్కడయితే కనీసం గోడల మీద చూడదగినవి ఉన్నాయి. ఒకప్పుడు ఏదో కార్ఖానాకు సరుకుల కొట్టుగా ఉన్న పొడవాటి హాలు అది. ఇప్పుడు అందులో తొంభైల నాటి కంప్యూటర్ ఆటల ప్రదర్శన పెట్టారు. బల్లల మీద పొట్టలు ఉబ్బిన పాత తెరలు, వాటి పక్కన మాసిన రంగు మౌసులు, ఒక్కో తెర ముందు ఒక్కో కుర్చీ. మూడో తెర మీద, తాను ఒకప్పుడు నటించిన ఆటలో, ఆమె ఉంది. ముప్ఫై నాలుగేళ్ళ ఆమె, బూడిదరంగు కోటులో, ఎడమ చెయ్యి మెట్ల కమ్మీ మీద ఆనించి, ఊపిరి పీల్చి, రెండుసార్లు రెప్ప వేసి, చెవి వెనక్కి జుట్టు తోసుకుని, మళ్ళీ ఊపిరి పీల్చి, మళ్ళీ రెప్ప వేసి, ఎదురుగా కూర్చున్నవారు ఏదో ఒక ప్రశ్న ఎంచుకునేదాకా అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. అరవై ఏళ్ళ ఆమె గోడవార బల్ల మీద కూర్చుని, ఎదురుచూస్తున్న తనను చూస్తూ, ఆ ఆట రాసిన అక్క కోసం ఎదురుచూస్తోంది.

అక్క వస్తుందో రాదో. వస్తానని ప్రదర్శన నిర్వాహకురాలికి మాట ఇచ్చింది, అయితే వేదిక మీద తనకూ చెల్లెలికీ మధ్య నిర్వాహకురాలే కూర్చోవాలని షరతు పెట్టింది. ఆ షరతును ఫోనులో చెప్పడానికి పాపం ఆ నిర్వాహకురాలు ఎంత తడబడిందో, ఏవేవో దీపాల ఇబ్బందులనీ మైకుల తీగలనీ అడ్డం తెచ్చింది, ఈమే చివరికి జాలిపడి, ఫరవాలేదమ్మా, ఇరవై ఆరేళ్ళుగా మా మధ్య కూర్చున్నవాళ్ళతో పోలిస్తే మీరు చాలా సన్నం, అని నవ్వించవలసి వచ్చింది. ఇరవై ఆరేళ్ళలో పదిహేనేళ్ళు అమ్మ కూర్చుంది మధ్య. అక్కకు చెప్పు, చెల్లికి చెప్పు, అని ఇద్దరూ అమ్మ చెవిలోనే పడేసేవారు. నేనేమన్నా పోస్టుడబ్బానా, ఎవరి ఉత్తరం వాళ్ళకు బట్వాడా చెయ్యడానికి, అని అమ్మ విసుక్కునేది గాని చేసేది. అమ్మ పోయాక ఆ డబ్బా కూడా లేకపోయింది. ఈ రోజు దాటితే ఇద్దరినీ ఒక గదిలోకి చేర్చే కారణం లోకంలో ఇంకొకటి మిగలదని ఆమెకు తెలుసు. అందుకే అరచేతులకు చెమట. తెర మీద ఉన్న చేతికి మాత్రం చెమట లేదు, దానికి పొడి అద్దారు.

మూడో తెర ముందు ఒక భారీ మనిషి కూర్చున్నాడు, వెనక అతని భార్య సంచీ పట్టుకుని నిలుచుంది. అతను ఏదో నొక్కాడు. తెర మీది ఆమె తల ఎత్తి, ఆ తలుపు తెరవమని నేను చెప్పలేదే, అని కసిరి, దీపం ఆర్పేసింది, ఆట ముగిసింది. మీకు బొమ్మలో ఉన్న ఆడమనిషితో కూడా మాట్లాడడం రాదు, అంది భార్య నింపాదిగా. గోడవార కూర్చున్న ఆమెకు నవ్వు వచ్చింది, నవ్వుతో పాటు ఆ కసురును కెమెరాతో తీసిన పూట కూడా జ్ఞాపకం వచ్చింది, ఊరి చివర రేకుల షెడ్డు, దీపాల వేడికి రేకులు టపటపమనడం, అప్పుడల్లా శబ్దం పాడయిందని మళ్ళీ మొదటినుంచి చెప్పించడం. నేల, గోడ, ఎక్కే మెట్లు, కూర్చునే పెట్టె, సమస్తమూ నీలిగుడ్డ. నీలంగా ఉన్నదాన్నంతా కంప్యూటర్ తీసివేసి ఆ స్థానంలో బొమ్మ గీసిన బంగళాను పెడుతుంది, అందుచేత మనుషులు తప్ప మరేదీ మిగలకూడదు. మొదటి రోజున తెలియక నీలిరాళ్ళ దుద్దులు పెట్టుకుని వెళ్ళింది. సాయంత్రం తెర మీద చూస్తే రెండు చెవులకూ రెండు చిల్లులు, చిల్లులలోంచి వెనకనున్న పుస్తకాల బీరువా కనిపిస్తోంది. షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తావని నిన్ను ఊరికే అనేవాళ్ళం కాదు పిచ్చుకా, ఇదిగో సాక్ష్యం, అంది అక్క.

పిచ్చుక. క్షణం నిలవదని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు, అలాంటిదాన్ని తెచ్చి అక్కే, లోకంలోకెల్లా నిలకడ కావలసిన పనిలో నిలబెట్టింది. అక్క తర్కశాస్త్రం చదువుకున్న మనిషి. షెడ్డు గోడ మీద సుద్దముక్కతో కొమ్మలు గీసింది: ఈ ప్రశ్న అడిగితే ఈ జవాబు, ఈ జవాబుకు ఈ పర్యవసానం, నమ్మితే ఇటు, నమ్మకపోతే అటు, అక్కడినుంచి మళ్ళీ రెండు దారులు. ఆ చెట్టులోని ప్రతి రెమ్మనూ ఆమె నటించాలి, నమ్మడం, శంకించడం, మోసగించడం, మోసపోవడం, చావడం, చావకపోవడం. ఆడేవారు ఏది ఎంచుకుంటారో తెలియదు కనుక ఏ రెమ్మ చివర ఏ రెమ్మ వచ్చినా అతుకు కనిపించకూడదు, కాబట్టి ప్రతి జవాబూ ఒకే భంగిమలో మొదలై అదే భంగిమలో ముగియాలి. పైనుంచి ఒక దారం వేలాడదీసి, కెమెరా తిరిగేముందు దాని కొస సరిగ్గా ముక్కు కొనకు తగులుతోందో లేదో చూసి పైకి లాగేవారు. మడమల దగ్గర రెండు గీతలు. ఎడమ చెయ్యి కమ్మీ మొదట్లో ఉన్న మొగ్గ ఆకారపు ఇనుప గుండు మీద, చూపుడువేలు సరిగ్గా, నీలిగుడ్డ మీంచి తగిలే దాని విరిగిన రేకు గాటులో. ఎంత ఏడ్చినా, ఎంత అరిచినా, చచ్చి పడినా, ఆఖరికి లేచి వచ్చి ఆ గాటులో వేలు పెట్టి, రెప్ప వేసి, జుట్టు తోసుకుని, ఏమీ జరగనట్టు నిలబడాలి. కదలకు పిచ్చుకా. మళ్ళీ. కదలకు. ఆ నలభై రోజుల్లో తాను అన్ని విధాలుగానూ బతికిందని ఆమెకు తరువాత చాలాసార్లు అనిపించింది. దరిమిలా అసలు బతుకులో ఒక్క రెమ్మే తీశారు, అదీ మళ్ళీ చెప్పనివ్వలేదు.

ఆ రెమ్మ ఎక్కడ మొదలయిందో ఆమె ఎన్నోసార్లు వెనక్కి నడిచి చూసుకుంది. ఆటలో అందరికీ నచ్చుతుందనుకున్న దృశ్యం ఒకటి ఉంది. బంగళాలో గుమాస్తాగా ఉన్న ఆ స్త్రీ, కింద నిలుచున్న అపరిచితుడిని నమ్మాలా వద్దా అని చివరిదాకా తేల్చుకోలేనిది, మెట్లు దిగుతూ దిగుతూ సగంలో ఆగుతుంది, వంగి కాలి జోడు విప్పుతుంది, రెండోదీ విప్పుతుంది, వట్టికాళ్ళతో నిశ్శబ్దంగా దిగివచ్చి ఆ జోళ్ళను అతని ముందు పెడుతుంది. ఒక్క మాట లేదు. ఆమె నమ్మిందని ఆడేవారికి తెలిసేది అంతే. ఆట డిస్కులు దుకాణాలకు వెళ్ళడానికి మూడు వారాల ముందు ఒక పెద్ద సినిమా విడుదలైంది. అందులో నాయిక మెట్లు దిగుతూ సగంలో ఆగి, వంగి, జోళ్ళు విప్పి, వట్టికాళ్ళతో దిగివచ్చి, శత్రువు చేతిలో పెట్టింది. ఆ వారమంతా వీధుల్లో ఆడపిల్లలు జోళ్ళు చేతపట్టుకుని మెట్లు దిగారు, హాస్యపత్రికలు బొమ్మలు వేశాయి, ఒక సబ్బు ప్రకటనలో కూడా దిగారు. ఆ తరువాత ఆట వచ్చింది. చవకబారు నకలు, అన్నారు. సినిమా చూసి వారంలో చుట్టిపారేశారు, అన్నారు. పెట్టెలు విప్పకుండానే తిరిగొచ్చాయి. రేకుల షెడ్డు మళ్ళీ ఎరువుల బస్తాలకు పోయింది, అక్క ఒక బడిలో పాఠాలు చెప్పడానికి పోయింది, ఆ పైన ఒక్క పంక్తి రాయలేదు.

ఆ ఏడాది ఆమె ఆ సినిమా కంపెనీవారి స్టూడియోలో చిన్న చిన్న వేషాలకు గొంతు ఇస్తూ ఉండేది. అదే తాటిచెట్టు, ఆమె దాని కిందే కూర్చుని పాలు తాగింది. అక్క తర్కం అరక్షణం కూడా తడబడలేదు: దృశ్యం తెలిసినవాళ్ళు ఇంతమంది, అందులో ఆ గుమ్మం తొక్కేది ఒక్కరు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను, అంది అక్క, అన్నం ముందు కూర్చుని, గొంతు పెంచకుండా. నేను చెప్పలేదక్కా, అంది ఆమె. మరి ఎలా పోయింది, అంది అక్క. చెప్పలేదన్న సంగతి ఒక్కటే ఆమె దగ్గర ఉంది, జరిగినదానికి కారణం లేదు. కారణం లేని నిర్దోషిత్వం పునాది లేని గోడలాంటిది, ఆనుకుంటే చాలు, పడుతుంది. యాదృచ్ఛికం, అంది ఎప్పుడో అమ్మ ద్వారా. కాకి వాలింది, పండు రాలింది, అంతేనని చెప్పు. కాకి వాలడం వల్ల రాలలేదు సరే, పండు తొడిమ మాట ఏమిటని అడుగు దాన్ని, అని అమ్మ ద్వారానే తిరుగు జవాబు వచ్చింది. ఆ మాటకు ఆమెకు కోపం వచ్చింది గాని, సరైన ప్రశ్నేనని కూడా అనిపించింది. దేనికైనా తొడిమ ఉంటుంది.

ఆమె లేచి నాలుగడుగులు వేసింది. గోడకు ఒక నిలువు పలక, దాని మీద సినిమా బొమ్మ ఒకటి, ఆట బొమ్మ ఒకటి, మధ్యలో ప్రశ్న: ఎవరు ఎవరిని చూసి చేశారు? చూడవచ్చినవారు తలా ఒక చుక్కకాగితం అంటించవచ్చు. ఆటది నకలనే ఎర్రచుక్కలు వరసలు పట్టక అంచుల మీదకు పాకాయి. సినిమాది నకలనే ఆకుపచ్చవి ఒక గుప్పెడు. కాకతాళీయమనే పసుపువి మూడే మూడు, వాటిలో ఒకటి వంకరగా ఉంది, ఎవరో పిల్లలు అంటించి ఉంటారు. తాను ఒకటి అంటించుదామా అనుకుంది. పసుపు కాగితాల డబ్బాలోకి చెయ్యి పోయి, తిరిగి వచ్చింది. వంకర చుక్కకు తోడుగా మరో చుక్క పెట్టినంత మాత్రాన అక్కకు జవాబు దొరకదు.

పలక అవతల మెట్లు. ఎక్కడికీ పోని పదకొండు మెట్లు, ఇనుప చట్రానికి చెక్క పలకలు, వెనకనుంచి వాలుబల్ల మీదుగా ఎక్కి ముందునుంచి దిగవచ్చు, దిగుతుంటే ఫోటో తీసుకోవచ్చు. ఆ పెద్ద సినిమాలోని అసలు మెట్లు ఇవే, సామాను అద్దెకిచ్చే గోదాము మూసేస్తుంటే వేలంలో కొన్నాం, అని నిర్వాహకురాలు ఫోనులో ముచ్చటపడి చెప్పింది. సినిమాలో ఇవి బంగారు రంగులో ఉండేవి, మీద తివాచీ ఉండేది. ఆమె ఆ సినిమాను ఒక్కసారే చూసింది, చూసిన ఆ ఒక్కసారీ కళ్ళు జోళ్ళ మీదే ఉన్నాయి, మెట్ల మీద లేవు. ఊరికే, అలసటకు, కమ్మీ మొదట్లో చెయ్యి ఆనించింది. వేలు గాటులో పడింది.

వేలికి తెలిసింది ముందు, తనకు తరువాత. చెయ్యి దానంతట అది సర్దుకుంది, భుజం దిగింది, గడ్డం బెత్తెడు పైకి లేచింది, మడమలు లేని గీతల మీదకు జరిగాయి. రెప్ప కూడా వేసి ఉంటుంది, ఎందుకంటే పక్కన సంచీ పట్టుకున్న ఆ ఇల్లాలు ఆమెనూ తెరనూ మార్చి మార్చి చూసి, భర్త భుజం మీద తట్టి, ఏమండీ, ఇటు చూడండి, అంది. ఆమె ఎవరినీ చూడలేదు. వెనక్కి వెళ్ళింది, వాలుబల్ల ఎక్కింది, మోకాళ్ళు మొరాయించినా పైకి చేరింది. పైనుంచి దిగసాగింది, కమ్మీ పట్టుకుని, లెక్కలేదు, ఆలోచన లేదు, అడుగులు మాత్రమే, సగానికి వచ్చేసరికి కుడి మడమ దిగబడింది. చెక్కకూ వెనక ఇనుపపట్టీకీ మధ్య సందు. సభ కోసం తొడిగిన జోడు ఎత్తుమడమ సరిగ్గా అందులో. లాగితే రాదు. కమ్మీ పట్టుకుని వంగడం తప్ప, వంగి జోడులోంచి కాలు తీసుకోవడం తప్ప చేయగలిగింది లేదు, ఒక జోడుతో కుంటడం కుదరదు కనుక రెండోదీ విప్పడం తప్ప గత్యంతరం లేదు.

ఆమె ఆ మెట్టు మీదే కూర్చుండిపోయింది. ఇరుక్కున్న జోడును పెరికి పక్కన పెట్టి, ఆ సందులోకి తొంగి చూసింది. లోపలి అంచున బంగారు రంగు కారి గడ్డకట్టి ఉంది, అంటే రంగు వేసేనాటికే సందు ఉంది. పలక చివర తుప్పుపట్టిన చిన్న మేకు, దాని తల కింద చిక్కుకుని నాలుగు నీలి పోగులు. షెడ్డులో గుడ్డకు ముడత పడకూడదని ప్రతి మెట్టు మీదా అట్ట పరిచి, పైన నీలిగుడ్డ బిగించి మేకులు కొట్టారు. సందు అట్ట కిందకు పోయింది. నలభై రోజులు దాని మీద దిగి కూడా ఆమె పాదానికి తెలియలేదు. సినిమావాళ్ళు గోదాము నుంచి అద్దెకు తెచ్చుకున్నారు, షెడ్డులో తమవాళ్ళూ అక్కడినుంచే అద్దెకు తెచ్చుకున్నారు. ఊళ్ళో ఎక్కడికీ పోని మెట్లు ఇంకెవరి దగ్గర ఉంటాయి గనక? ఎత్తుమడమల ఆడమనిషి ఎవరు దిగినా సగంలో ఆగాలి, వంగాలి, విప్పాలి, కింద ఎవరైనా నిలుచుని ఉంటే చేతిలోవి ఏం చెయ్యాలో తెలియక వాళ్ళ ముందు పెట్టాలి. తివాచీ పరచకముందు ఆ సినిమా కథకుడు చూశాడు, గొప్పగా ఉందనుకున్నాడు. మరి అక్క? అక్క ఎప్పుడు చూసింది? అక్కడ ఆలోచన ఆగిపోయింది, గోడకు తగిలినట్టు, ఎందుకంటే షెడ్డుకు మెట్లు వచ్చేసరికే దృశ్యం రాసి ఉంది.

అంతలో, తుంపర మళ్ళీ మొదలైనట్టుంది, వీధి తలుపు దగ్గర గొడుగు మూసిన చప్పుడు, నిర్వాహకురాలి ఆహ్వానం, దానికి జవాబుగా ముక్తసరిగా ఒక గొంతు. ఇరవై ఆరేళ్ళలో ఆ గొంతు కొంచెం గరుకెక్కింది, అంతే. అక్క పొట్టిగా ఉంటుంది. ఆ లోటుకు జీవితమంతా మడమ ఎత్తున్న చెప్పులే తొడిగింది, అరవై ఆరేళ్ళు వచ్చినా తగ్గించలేదు. ఆ చెప్పులు టకటకమంటూ హాలు పొడుగునా వచ్చి, మెట్ల దగ్గర, కాస్త ఎడంగా ఆగాయి. అక్క ఆమె వంక గాక ఆమె పక్కనున్న జోళ్ళ వంక చూసింది. వాటిని చూడగానే మొహం బిగిసింది. మళ్ళీ నాటకమా అనుకుంటోందని ఆమెకు అర్థమైంది. కారణమంతా వరసగా చెప్పవచ్చు, రంగు, మేకు, పోగులు, తర్కానికి తర్కం. కాని అక్కతో వాదనలో ఎవరూ గెలవలేదు, బళ్ళో పిల్లలూ గెలిచి ఉండరు. ఆమె జోళ్ళు చేత్తో పట్టుకుని దిగివచ్చి పక్కకు తప్పుకుంది.

"అక్కా, ఒక్కసారి ఈ మెట్ల మీంచి దిగు."

"ఇన్నేళ్ళకు నన్ను అడగదలచింది ఇదా?"

"ఇదే. ఆ సినిమాలోని మెట్లు ఇవి. ఇంకేమీ అడగను."

మోకాళ్ళు నీ ఒక్కదానివే అరిగాయనుకున్నావా, అని గొణుక్కుంది గాని, అక్క వెనక్కి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో తరువాత ఎప్పుడూ చెప్పలేదు. వాలుబల్ల మూలిగింది. పైన పొట్టిగా, నిటారుగా కనిపించింది, పాఠం మొదలుపెట్టబోయే పంతులమ్మలా హాలునంతా ఒకసారి చూసి, దిగింది. ఒకటి, రెండు, కమ్మీ మీద చెయ్యి జారుతూ. సగంలో ఆగింది. కుడికాలు లాగింది. రాలేదు. విసుగ్గా, ఏ మాత్రం ఆలోచించకుండా, వంగి కాలు బయటికి తీసుకుంది, చెప్పును సందులోంచి పెరికింది, రెండోదీ విప్పింది, రెంటినీ ఎడమ చేతిలోకి తీసుకుని వట్టికాళ్ళతో కిందికి వచ్చింది. చివరి మెట్టు మీద ఉండగా చేతిలోని చెప్పుల వంక చూసుకుంది. మూడో తెర మీద ఎవరో మళ్ళీ తప్పు ప్రశ్న నొక్కారు, దీపం ఆరింది, ఆట మొదటికి వచ్చింది, అక్క ఇంకా చెప్పుల వంకే చూస్తోంది.

"గోదాముకు బేరం మాట్లాడడానికి నేను ఒక్కదాన్నే వెళ్ళాను," అంది చివరికి, ఎవరికో సాక్ష్యం చెబుతున్నట్టుగా. "నువ్వు రాలేదు. గట్టిగా ఉన్నాయా లేవా అని ఎక్కి దిగి చూశాను. సగంలో మడమ ఇరుక్కుని చెప్పు పట్టీ తెగింది. కింద ఆ గోదాము మనిషి నిలబడి ఉన్నాడు, అతని ముందు పడేసి, ఇదేం సరుకయ్యా అని తిట్టాను. బస్సులో వట్టికాళ్ళతో ఇంటికొచ్చాను. ఆ వారంలోనే ఆ దృశ్యం రాశాను. నా బుర్రలోంచి పుట్టిందనుకున్నాను."

"బుర్రలోంచి కాదక్కా. కాల్లోంచి."

అక్క మూతి ఒక పక్కకు వంకర తిరిగింది. అది నవ్వో, మరొకటో, చిన్నప్పటినుంచీ అంత తేలిగ్గా తేలే సంగతి కాదు. చివరి మెట్టు మీదే, దిగకుండా, కూర్చుంది. కాసేపటికి పక్కకు జరిగి కొంచెం చోటు చేసింది. ఆమె కూర్చుంది. రెండు జతల చెప్పులు, నాలుగు వట్టి పాదాలు, చల్లటి గచ్చు. నిన్ను దొంగన్నాను, అంది అక్క. అన్నావు, అంది ఆమె. కాదనడానికి గాని ఫరవాలేదనడానికి గాని నోరు రాలేదు, అబద్ధమవుతుందని. ఫరవాలేదు అనగలగడానికి ఇంకొన్నాళ్ళు పడుతుంది, ఆ కొన్నాళ్ళు ఇప్పుడు ఉన్నాయి. అమ్మకు చెప్పాలి, అంది అక్క, అలవాటు చొప్పున. అని, నాలుక కరుచుకుంది. నాకే చెప్పు, అంది ఆమె.

నాలుగు కావస్తుంటే నిర్వాహకురాలు వచ్చింది, షరతు జ్ఞాపకం పెట్టుకుని, మధ్య కుర్చీ తనదేనన్న ముఖంతో. అక్క ఆమెను ఆపాదమస్తకం చూసింది. "మీరు ఆ చివర కూర్చోండమ్మా," అంది, "మేం మాట్లాడుకోవాలి." సభలో ఏం మాట్లాడారో వచ్చినవారికి సరిగా వినిపించలేదు, ఇద్దరూ మైకు వంక గాక ఒకరి వంక ఒకరు తిరిగి మాట్లాడారు.

నాలుగేళ్ళకు, తన డెబ్బయ్యో ఏట, అక్క రెండో ఆట రాసి పూర్తిచేసింది. అందులోని తొమ్మిది పాత్రలకూ గొంతు చెల్లెలిదే. అది ఒక మోస్తరుగా అమ్ముడుపోయింది.